కరెంట్ ఖాతా లోటు: మామిడి గుజ్జు డ్రమ్ము నుంచి రిజర్వు బ్యాంకు పట్టిక దాకా లెక్క చదివే పద్ధతి

మూడు నెలలకొకసారి పేపర్లో ఒక వార్త వస్తుంది: కరెంట్ ఖాతా లోటు జీడీపీలో ఇంత శాతం అని. తగ్గితే ఊరట అంటారు, పెరిగితే ఆందోళన అంటారు. చాలామంది అక్కడితో పేజీ తిప్పేస్తారు. ఆ ఒక్క శాతంతో దేశం పరిస్థితి తేలదు. లోటు ఏ పద్దులో పుట్టింది, దాన్ని ఏ డబ్బుతో పూడ్చారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితేనే ఆ అంకెకు అర్థం వస్తుంది. రెండూ ఎవరైనా చూసుకోగలిగినవే. పట్టిక ఉచితంగా దొరుకుతుంది, కూడికలు తీసివేతలు వస్తే చాలు.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకోవాలి. వ్యాపారులు బ్యాంకులో తెరిచే కరెంట్ అకౌంటుకూ దీనికీ సంబంధం లేదు. బడ్జెట్ రోజున వినిపించే ద్రవ్యలోటు వేరు; అది ప్రభుత్వం రాబడికి మించి చేసే ఖర్చు. వాణిజ్య లోటు కూడా ఇది కాదు. అది కరెంట్ ఖాతాలో ఒక వరుస మాత్రమే. కరెంట్ ఖాతా అంటే మన దేశంలో నివాసం ఉన్నవాళ్లు ఏడాదిలోనో మూడు నెలల్లోనో బయటి దేశాల వాళ్ల నుంచి సంపాదించిన దానికీ, వాళ్లకు ఇచ్చిన దానికీ తేడా. సరుకులు, సేవలు, పెట్టుబడి మీద రాబడి, జీతాలు, ఉచితంగా పంపుకునే డబ్బు ఇందులోకి వస్తాయి. అప్పులు, పెట్టుబడులు, డిపాజిట్ల రాకపోకలు ఇందులోకి రావు. వాటిది ఆర్థిక ఖాతా.

ఇక్కడ "మనం" అనడానికి కొలమానం నివాసమే, పౌరసత్వం కాదు. ఈ ఒక్క నియమం మరిచిపోతే సగం పద్దులు తప్పు వరుసలో పడతాయి.

ఒక కంటైనరు గుజ్జు

చిత్తూరు చుట్టుపక్కల జ్యూస్ ఫ్యాక్టరీల్లో తోతాపురి గుజ్జు తీసి, సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన సంచిలో నింపి, ఇనుప డ్రమ్ములో పెడతారు. డ్రమ్ముకు 215 కిలోల నికర బరువు. ఇరవై అడుగుల కంటైనరులో 80 డ్రమ్ములు పడతాయి. మొత్తం 17,200 కిలోలు. టన్ను ధర వెయ్యి డాలర్లు అనుకుందాం, లెక్క తేలిగ్గా ఉండటానికి. చెన్నై రేవులో ఓడ ఎక్కేసరికి దాని విలువ 17,200 డాలర్లు. ఇది సరుకుల పద్దులో జమ. ఓడ ఎక్కాక అయ్యే కిరాయి కొన్నవాడి ఖాతాలోకి పోతుంది కాబట్టి ఈ విలువలో కలపరు.

ఇప్పుడు బయటికి పోయేది చూడండి. ఈ కంటైనరుకు కావలసిన సంచులు, యంత్రం విడిభాగాలు 600 డాలర్లకు దిగుమతి చేసుకున్నారు: సరుకుల పద్దులో ఖర్చు. వాటిని తెచ్చిన విదేశీ ఓడకు 60 డాలర్ల కిరాయి: సేవల పద్దులో ఖర్చు. కొనుగోలుదారుణ్ని కుదిర్చిన విదేశీ ఏజెంటుకు రెండు శాతం కమీషన్, 344 డాలర్లు: ఇదీ సేవలే. యంత్రానికి విదేశీ బ్యాంకు నుంచి తెచ్చిన అప్పు మీద వడ్డీలో ఈ కంటైనరు వాటా 500 డాలర్లు: ప్రాథమిక ఆదాయం (వడ్డీలు, లాభాల పద్దు)లో ఖర్చు. అన్నీ తీసేస్తే కరెంట్ ఖాతాకు మిగిలింది 15,696 డాలర్లు.

ఇందులో కనిపించనివి కూడా గమనించాలి. రైతు దామలచెరువు మండీలో కాయ అమ్మి తీసుకున్న డబ్బు, ఫ్యాక్టరీ కూలీల జీతం, చెన్నై దాకా లారీ బాడుగ – ఇవేవీ కరెంట్ ఖాతాలో లేవు. అవి ఇక్కడివాళ్లు ఇక్కడివాళ్లకే రూపాయల్లో ఇచ్చుకున్నవి. యంత్రం అప్పులో అసలు కిస్తీ కూడా ఇక్కడ కనిపించదు. అసలు ఆర్థిక ఖాతాలోది, వడ్డీ మాత్రమే కరెంట్ ఖాతాలోది. కొన్నవాడు మూడు నెలల గడువు అడిగి ఇంకా డబ్బు పంపకపోయినా, సరుకు చేతులు మారినప్పుడే ఎగుమతి జమ పడుతుంది. రావలసిన బాకీ ఆర్థిక ఖాతాలో వాణిజ్య అప్పుగా నిలుస్తుంది.

నాలుగు వరుసలు, తప్పు పడే చోట్లు

దేశం మొత్తానికి పట్టికలో ఉండేవీ ఇవే నాలుగు వరుసలు: సరుకులు, సేవలు, ప్రాథమిక ఆదాయం, ద్వితీయ ఆదాయం.

సరుకుల్లో పెద్దగా చిక్కు లేదు. కుప్పం గ్రానైట్, గుజ్జు, శ్రీసిటీలో తయారై ఓడ ఎక్కే వస్తువులు, తిరుమల తలనీలాలు వేలంలో కొని విదేశాలకు పంపే వ్యాపారి ఎగుమతి – అన్నీ జమ. ముడి చమురు, బంగారం, పామాయిల్, చిప్పులు, యంత్రాలు ఖర్చు. ఒక మెలిక ఉంది. నగల దుకాణాలకు దిగుమతయ్యే బంగారం సరుకుల పద్దులోకి వస్తుంది. రిజర్వు బ్యాంకు తన విదేశీ మారక నిల్వల కోసం విదేశంలో కొనే బంగారం ఇందులోకి రాదు, అది నిల్వల పద్దులోది. రెండు వార్తలూ ఒకే నెలలో వచ్చినప్పుడు కలిపేయకండి.

సేవల్లో సాఫ్ట్‌వేర్ సంగతి అందరికీ తెలుసు. తెలియనిది చదువు. చిత్తూరు నుంచి టెక్సాస్ వెళ్లిన విద్యార్థికి ఇంటివాళ్లు పంపే ఫీజు, హాస్టల్ ఖర్చు, తిండి ఖర్చు సేవల పద్దులో "ప్రయాణం" కింద మన ఖర్చు. ఎన్నేళ్లు చదివినా విద్యార్థిని సొంత దేశపు నివాసిగానే లెక్కిస్తారు. తిరుపతిలో దిగిన విదేశీ భక్తుడి హోటల్ బిల్లు, కారు బాడుగ అదే "ప్రయాణం" కింద మన జమ. ఆయనే శ్రీవారి హుండీలో వేసిన డాలర్ నోటుకు మాత్రం ప్రతిఫలంగా సేవ ఏదీ లేదు, కాబట్టి అది ద్వితీయ ఆదాయం.

ప్రాథమిక ఆదాయంలో వడ్డీలు, డివిడెండ్లు, లాభాలు, స్వల్పకాల జీతాలు ఉంటాయి. శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీ ఫ్యాక్టరీ పెట్టిందనుకోండి. పెట్టుబడి వచ్చినప్పుడు అది ఎఫ్‌డీఐ (విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి), ఆర్థిక ఖాతాలో జమ. ఆ డబ్బుతో జపాన్ నుంచి యంత్రాలు తెస్తే అదే ఏడాది సరుకుల దిగుమతి పెరిగి కరెంట్ ఖాతా లోటు ఎక్కువవుతుంది. తర్వాతి ఏళ్లలో లాభం జపాన్ పోతే ప్రాథమిక ఆదాయంలో ఖర్చు. లాభాన్ని పంపకుండా ఇక్కడే మళ్లీ పెట్టినా, ముందు ప్రాథమిక ఆదాయంలో ఖర్చుగా రాసి, వెంటనే ఆర్థిక ఖాతాలో కొత్త ఎఫ్‌డీఐగా జమ రాస్తారు. ఒక్క రూపాయి కూడా సరిహద్దు దాటకుండానే లోటు కాస్త పెరిగినట్టు కనిపించడానికి ఇదొక కారణం.

ద్వితీయ ఆదాయం అంటే ఎక్కువగా బయటి దేశాల్లో స్థిరపడి పనిచేసేవాళ్లు ఇంటికి పంపే డబ్బు. పీలేరు, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లది కూడా ఇందులోదే. ఏడాది, అంతకంటే ఎక్కువ కాలానికి వెళ్లినవారు అక్కడి నివాసి. వారు పంపేది ద్వితీయ ఆదాయం. ఏడాదిలోపు పనికి వెళ్లి వచ్చేవారి జీతం ప్రాథమిక ఆదాయం. ఇక ఎన్ఆర్ఐ (ప్రవాస భారతీయుల) డిపాజిట్. కువైట్ నుంచి ఎన్ఆర్ఈ ఖాతాలో (ప్రవాసులు మన బ్యాంకుల్లో తెరిచే రూపాయి ఖాతా) వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ మనం వాళ్లకు బాకీ పడ్డ డబ్బు, ఆర్థిక ఖాతాలోది. దాని మీద మన బ్యాంకు ఇచ్చే వడ్డీ ప్రాథమిక ఆదాయంలో ఖర్చు. ఆ ఖాతా నుంచి డబ్బు తీసి ఇక్కడ ఇంటి ఖర్చుకు వాడిన రోజున అది ద్వితీయ ఆదాయంలో జమగా మారుతుంది. ఒకే డబ్బు, మూడు దశల్లో మూడు చోట్ల.

పట్టిక తెరిచి చేయవలసిన లెక్క

రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో పత్రికా ప్రకటనల విభాగంలో "డెవలప్‌మెంట్స్ ఇన్ ఇండియాస్ బ్యాలెన్స్ ఆఫ్ పేమెంట్స్" అన్న ప్రకటన కోసం చూడండి. త్రైమాసికం ముగిసిన రెండు మూడు నెలలకు వస్తుంది. ఏప్రిల్–జూన్ లెక్క సెప్టెంబరు ముందు దొరకదు. పట్టికలో ప్రతి వరుసకూ జమ, ఖర్చు, నికరం అని మూడు గడులు ఉంటాయి. మీకు కావలసింది నికరం. అంకెలు బిలియన్ డాలర్లలో ఉంటాయి. ఒక బిలియన్ అంటే వంద కోట్లు. డాలర్ 85 రూపాయలైతే బిలియన్ డాలర్లు 8,500 కోట్ల రూపాయలు. ఇది గుర్తుంటే పరిమాణం కళ్లకు కడుతుంది.

2024-25 సంవత్సరానికి 2025 జూన్‌లో వచ్చిన లెక్క తీసుకుందాం. సరుకుల్లో లోటు సుమారు 287 బిలియన్లు. సేవల్లో మిగులు సుమారు 189 బిలియన్లు. ఈ రెండూ కలిపితే ఇంకా 98 బిలియన్ల లోటు. ప్రాథమిక ఆదాయంలో నికరంగా 50 బిలియన్లకు కాస్త తక్కువ బయటికి పోయింది. ద్వితీయ ఆదాయంలో నికరంగా 120 బిలియన్లకు పైగా లోపలికి వచ్చింది. చివరికి మిగిలిన లోటు 23.3 బిలియన్లు. సరుకుల్లో పడిన గుంతను ఒకవైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, మరోవైపు బయటి దేశాల్లో కష్టపడేవాళ్లు పూడుస్తున్నారని ఈ నాలుగు అంకెలు చెబుతున్నాయి. వలస కార్మికుల గురించి మాట్లాడేటప్పుడు ఈ వరుసను గుర్తు చేసుకోవాలి. వాళ్ల డబ్బు లేకపోతే మన లోటు వంద బిలియన్లు దాటేది.

తర్వాత జీడీపీలో శాతం. అప్పటి అంచనాలో 2024-25 జీడీపీ మార్కెట్ ధరల్లో సుమారు 330 లక్షల కోట్ల రూపాయలు. ఏడాది సగటు మారకం సుమారు 84.5 రూపాయలు. భాగిస్తే 3,900 బిలియన్ డాలర్లు. 23.3ను దానితో భాగిస్తే 0.6 శాతం. ప్రకటనలోనూ అంతే ఉంటుంది. మీరు సొంతంగా వేసినప్పుడు సాధారణంగా పడే తప్పు ఒకటుంది: మూడు నెలల లోటును ఏడాది జీడీపీతో భాగించడం. అప్పుడు శాతం నాలుగో వంతుకు పడిపోతుంది. త్రైమాసికం లోటుకు త్రైమాసికం జీడీపీనే వాడాలి. జీడీపీ కూడా ధరల పెరుగుదల తీసేసిన స్థిర ధరలది కాకుండా ప్రస్తుత ధరలది కావాలి.

ఇంకో తప్పు, ఒక త్రైమాసికాన్ని నాలుగుతో గుణించి ఏడాది అంచనా వేయడం. 2025 జనవరి–మార్చిలో 13.5 బిలియన్ల మిగులు వచ్చింది, జీడీపీలో 1.3 శాతం. అయినా ఏడాది మొత్తం లోటే. మన దేశంలో జనవరి–మార్చి తరచుగా మిగతా త్రైమాసికాల కంటే మెరుగ్గా ఉంటుంది. నాలుగు వరుస త్రైమాసికాలు కూడి చూడండి, లేదా పోయిన ఏడాది అదే త్రైమాసికంతో పోల్చండి. పక్క త్రైమాసికంతో పోల్చి "మెరుగుపడింది" అనడం, మామిడి ధరను జూన్‌కూ డిసెంబరుకూ పోల్చడం లాంటిది.

లోటును ఎవరి డబ్బు పూడ్చింది

అసలు పరీక్ష ఇక్కడుంది, చాలా వార్తలు ఆగిపోయేదీ ఇక్కడే. కరెంట్ ఖాతాలో లోటు ఉంటే అంత డబ్బు బయటి నుంచి పెట్టుబడిగానో అప్పుగానో రావాలి, లేకపోతే నిల్వల నుంచి తీయాలి. ఇంకో దారి లేదు. అందుకే పట్టికలో కిందికి దిగి నాలుగు వరుసలు చూడండి: నికర ఎఫ్‌డీఐ, పోర్ట్‌ఫోలియో పెట్టుబడి (విదేశీయులు షేర్లలో, బాండ్లలో పెట్టేది), విదేశీ అప్పులు, ఎన్ఆర్ఐ డిపాజిట్లు. ఆ తర్వాత నిల్వల మార్పు.

2023-24లో ఎఫ్‌డీఐ నికరంగా 10 బిలియన్లు, పోర్ట్‌ఫోలియో 44 బిలియన్లు వచ్చాయి. లోటు పూడిపోగా నిల్వలకు దాదాపు 64 బిలియన్లు కలిశాయి. 2024-25లో లోటు శాతం ఇంకాస్త తగ్గింది. చూడటానికి మంచి ఏడాది. కానీ నికర ఎఫ్‌డీఐ ఒక బిలియనుకు పడిపోయింది, పోర్ట్‌ఫోలియో నాలుగు బిలియన్లు కూడా లేదు, నిల్వల నుంచి 5 బిలియన్లు తీయాల్సి వచ్చింది. శాతం ఒక్కటే చూసినవాళ్లకు రెండో ఏడాది మెరుగ్గా కనిపిస్తుంది. పూడ్చిన డబ్బు చూసినవాళ్లకు మొదటి ఏడాదే గట్టిగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ప్రతి శుక్రవారం రిజర్వు బ్యాంకు చెప్పే విదేశీ మారక నిల్వలు 2024 మార్చి చివర సుమారు 646 బిలియన్లు, 2025 మార్చి చివర సుమారు 668 బిలియన్లు. అంటే 22 బిలియన్లు పెరిగాయి. మరి పట్టికలో 5 బిలియన్లు తగ్గాయని ఎందుకు ఉంది? పట్టిక నిజంగా కొన్నదీ అమ్మినదీ మాత్రమే లెక్కిస్తుంది. శుక్రవారం అంకెలో బంగారం ధర పెరిగినందువల్ల, డాలరుతో ఇతర కరెన్సీల విలువ మారినందువల్ల వచ్చిన తేడా కూడా కలిసి ఉంటుంది. నిల్వలు పెరిగాయన్న వార్త విని డబ్బు వచ్చిందనుకోకండి.

పూడ్చే డబ్బుల్లో తేడా ఉంది. ఫ్యాక్టరీగా మారిన ఎఫ్‌డీఐ రాత్రికి రాత్రి లేచిపోదు. షేర్లలో, బాండ్లలో పెట్టిన పోర్ట్‌ఫోలియో డబ్బు అమెరికాలో వడ్డీ పెరుగుతుందన్న మాట వినగానే వెనక్కి మళ్లగలదు. ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పు అన్నిటికంటే ప్రమాదం. 2012-13లో మన లోటు 88 బిలియన్లు, జీడీపీలో 4.8 శాతం. ఆ ఏడాది బంగారం దిగుమతే 54 బిలియన్ల దాకా ఉంది. 2013 మేలో అమెరికా కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోలు తగ్గిస్తామనే సూచన ఇచ్చేసరికి పోర్ట్‌ఫోలియో డబ్బు వెనుదిరిగింది. ఆగస్టు 28న రూపాయి డాలరుకు 68 దాటింది. బంగారం దిగుమతి సుంకాన్ని 2013లోనే అంచెలంచెలుగా 10 శాతానికి పెంచారు. ఎన్ఆర్ఐ డిపాజిట్లకు, బ్యాంకుల విదేశీ అప్పులకు రిజర్వు బ్యాంకు ప్రత్యేక మారక సౌకర్యం ఇచ్చి 34 బిలియన్లు రాబట్టింది. మరుసటి ఏడాదికి లోటు 1.7 శాతానికి దిగింది.

1990-91లో లోటు జీడీపీలో 3 శాతమే. 2012-13 కంటే తక్కువ. అయినా దేశం 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే అప్పటికి నిల్వలు మూడు వారాల దిగుమతులకు కూడా చాలవు. 2013 మార్చి చివర నిల్వలు 292 బిలియన్లు, సుమారు ఏడు నెలల దిగుమతులకు సరిపడా. అందుకే లోటు శాతం పక్కనే నిల్వలు ఎన్ని నెలల దిగుమతులకు వస్తాయో రాసుకోవాలి. లెక్క తేలిక: నిల్వలను ఏడాది సరుకుల దిగుమతితో భాగించి 12తో గుణించండి.

2.5 శాతం లోపు లోటు మనం భరించగలం అన్నది తరచుగా వినిపించే గీత. గీతగా పనికొస్తుంది, తీర్పుగా పనికిరాదు. ఆస్ట్రేలియా దశాబ్దాల పాటు లోటుతోనే నడిచి, 2019లో 44 ఏళ్ల తర్వాత తొలిసారి ఒక త్రైమాసికం మిగులు చూసింది. ఈలోగా సంపన్న దేశంగానే ఎదిగింది. థాయ్‌లాండ్ 1996లో 8 శాతం దగ్గర లోటు పెట్టుకుని, స్వల్పకాల విదేశీ అప్పుతో పూడ్చుతూ, మారకం రేటును పట్టి ఉంచి, 1997 జులై 2న వదిలేయక తప్పలేదు.

మిగులు వచ్చినా అదే జాగ్రత్త. 2020-21లో మనకు 24 బిలియన్ల మిగులు, జీడీపీలో 0.9 శాతం. ఎగుమతులు విజృంభించి వచ్చింది కాదది. కోవిడ్‌లో ఫ్యాక్టరీలు, బండ్లు ఆగి దిగుమతులు కుంగడం వల్ల వచ్చింది. కరెంట్ ఖాతా అంటే దేశం పొదుపుకూ పెట్టుబడికీ తేడా కూడా. పొదుపు పెరిగి వచ్చిన మిగులుకూ పెట్టుబడి ఆగిపోయి వచ్చిన మిగులుకూ అంకె ఒకటే, అర్థం వేరు. లోటు పెరిగినప్పుడు కూడా దిగుమతుల జాబితా తెరిచి యంత్రాలు పెరిగాయా, బంగారం పెరిగిందా చూడండి. యంత్రం రేపు ఎగుమతి చేసి తన బాకీ తాను తీర్చుకోగలదు.

నెలనెలా చూసుకోవలసినవి

పట్టిక వచ్చేదాకా రెండు మూడు నెలలు ఆగలేకపోతే, ప్రతి నెలా 15వ తేదీ ప్రాంతంలో వాణిజ్య మంత్రిత్వ శాఖ ఇచ్చే ఎగుమతి దిగుమతి అంకెలు చూడండి. అవి కస్టమ్స్ కాగితాల నుంచి తీసినవి, రిజర్వు బ్యాంకు లెక్కతో కచ్చితంగా కలవవు. రెంటినీ ఒకే పట్టికలో కలిపి రాస్తే తేడాను మీరే కొత్త ధోరణిగా పొరబడతారు.

చమురు ధరకు ఒక మోటు లెక్క. మనం ఏడాదికి సుమారు 24 కోట్ల టన్నుల ముడి చమురు తెచ్చుకుంటాం. టన్నుకు ఏడు బ్యారెళ్లకు కాస్త పైన, అంటే దాదాపు 175 కోట్ల బ్యారెళ్లు. బ్యారెల్ ధర 10 డాలర్లు పెరిగి ఏడాదంతా అక్కడే ఉంటే దిగుమతి బిల్లు 17 బిలియన్లకు పైగా పెరుగుతుంది. శుద్ధి చేసి మనం ఎగుమతి చేసే పెట్రోలు, డీజిలు ధర కూడా పెరుగుతుంది కనుక అందులో కొంత తిరిగి వస్తుంది. అయినా 2024-25 మొత్తం లోటు 23 బిలియన్లే అన్నదాన్ని దీనితో పోల్చి చూస్తే, తిరుపతి బంకులో ధర బోర్డు కంటే ముందు కరెంట్ ఖాతా ఎందుకు కదులుతుందో తెలుస్తుంది.

రాసుకునే ప్రతి అంకె పక్కనా అది ఏ నెల ప్రకటన నుంచి తీశారో వేయండి. 2023-24 లోటు 2024 జూన్‌లో 23.2 బిలియన్లు అని వచ్చింది. ఏడాది తర్వాత వచ్చిన ప్రకటనలో అదే సంవత్సరానికి 26 బిలియన్లు అని ఉంది. పాత అంకెను 2024-25 నాటి 23.3తో పోలిస్తే లోటు కదలలేదనిపిస్తుంది, సవరించిన దానితో పోలిస్తే దాదాపు 3 బిలియన్లు తగ్గింది.